రీయూనియన్‌కి ముందే ఆ ఒక్కరికీ మెసేజ్ పెట్టు

ప్రశ్న: అక్కా, నమస్తే. మేము 1995లో పదో తరగతి పాసయ్యాం. పాతికేళ్లు నిండాక అందరం కలుద్దామని 2020లో అనుకుంటే లాక్‌డౌన్ వచ్చిపడింది. ఆ తర్వాత రెండుసార్లు తేదీ అనుకోవడం, వాయిదా వేయడం. ఈలోగా మాలో ఇద్దరు పోయారు కూడా. ఇప్పుడు వచ్చే నెలకి ఖాయం చేశారు. వాట్సాప్ గ్రూపులో 52 మందిమి ఉన్నాం. క్లాసులో ఎప్పుడూ నేనే ఫస్ట్. "ఇది డాక్టర్ అవుతుంది చూడండి" అనేవాళ్లు టీచర్లు. ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు, విడాకులయ్యాయి, తమ్ముడింట్లో ఉంటున్నాను. ఇదొకటి. ఇంకొకటి ఎవరికీ చెప్పనిది. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీలో కూర్చున్న నా ఫ్రెండ్ తన ఇంట్లో గొడవ ఒకటి నన్ను నమ్మి చెబితే, నేను ఇంకో అమ్మాయితో అనేశాను. రెండు రోజుల్లో క్లాసంతా పాకింది. పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా తను నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. తను గ్రూపులో ఉంది కానీ ఒక్క మెసేజ్ కూడా పెట్టదు. నేను రెండుసార్లు టైప్ చేసి తుడిచేశాను. వెళ్తే ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి? వెళ్లకపోతే మళ్లీ ఎప్పటికి?

(ఉత్తరం పెద్దది, అసలు విషయం వరకే ఇచ్చాను. పేరు వద్దన్నారు.)

జవాబు:

చెల్లీ,

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఉద్యోగం, విడాకులు, ఒకప్పటి ఫస్ట్ ర్యాంకు, ఇవే నీ బాధ అనుకున్నాను. రెండోసారి చదువుతుంటే గమనించాను. వాటన్నిటికీ కలిపి నువ్వు రాసింది నాలుగు లైన్లు. ఆ అమ్మాయి గురించి ఒక పేజీన్నర రాశావు. తను ఏ చేత్తో రాసేదో, వాన వస్తే మీరిద్దరూ ఎక్కడ నిలబడేవారో కూడా రాశావు. నీకు ఆ 52 మందిని కలవాలని పెద్దగా ఏం లేదమ్మా, ఒక్కరిని కలవాలని ఉంది, ఆ ఒక్కరినే కలవాలంటే భయంగా ఉంది.

వెళ్లు. అందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ ఆ హాల్లోకి అడుగుపెట్టే రోజు కోసం ఆగకు, తనకి ముందే రాయి, ఈ వారంలోనే. ముప్పై ఏళ్ల తర్వాత ఒక మనిషి మొహం మొదటిసారి చూడడం, పాత తప్పు ఒప్పుకోవడం, చుట్టూ యాభై మంది సెల్ఫీలు దిగుతుండగా ఈ రెండూ ఒకేసారి చేయడం ఎవరి వల్లా కాదు. నువ్వు తడబడతావు, తనకి ఏం అనాలో తెలియదు, ఈలోగా ఎవరో వచ్చి "మీరిద్దరూ ఇంకా అలాగే ఉన్నారే" అని భుజాల మీద చేతులు వేసి ఫొటో తీయిస్తారు. ఆ ఫొటోలో ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు కానీ విషయం ఎక్కడిదక్కడే ఉంటుంది.

టైప్ చేసి తుడిచేశాను అన్నావు కదా. అది నీ ఒక్కదానికే ఉన్న బలహీనత అనుకోకు. దూరమైన పాత స్నేహితులకు మళ్లీ రాయడం మీద లారా అక్నిన్, జిలియన్ శాండ్‌స్ట్రామ్ అనే ఇద్దరు పరిశోధకులు 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. రాయాలని అందులో పాల్గొన్నవాళ్లకి ఉంది, అవతలి మనిషికీ సంతోషమే అనుకుంటున్నారు, ఫోన్ నంబరు ఉంది, మెసేజ్ రాసుకోవడానికి, పంపడానికి అక్కడే టైమ్ కూడా ఇచ్చారు. అయినా నిజంగా పంపినవాళ్లు మూడో వంతు కూడా లేరు. అంత కాలం తర్వాత పాత స్నేహితులు మనకి దాదాపు కొత్తవాళ్లలా అనిపిస్తారట, అందుకే కొత్తవాళ్లని పలకరించాలంటే ఉండే బెరుకే ఇక్కడా వస్తుంది. ఆ పరిశోధకులే ఒక ఉపాయం కూడా కనిపెట్టారు, నాకు బాగా నచ్చింది. పాత ఫ్రెండ్‌కి రాసే ముందు ఓ మూడు నిమిషాలు ఇప్పుడు దగ్గరగా ఉన్న ఫ్రెండ్స్‌కి మెసేజ్‌లు పెట్టమన్నారు. అలా చెయ్యి కాస్త అలవాటుపడినవాళ్లలో సగానికి పైగా పంపేశారు. నువ్వూ అలాగే చెయ్యి. ముందు ఇప్పటి ఫ్రెండ్స్‌లో ఇద్దరికి "ఎలా ఉన్నావ్" అని పెట్టు, ఆ ఊపులోనే తనకి రాసెయ్యి.

తను ఏమనుకుంటుందో అన్న టెన్షన్ గురించి కూడా ఒక మాట. 2022లో పెగ్గీ లియూ అనే ప్రొఫెసర్, ఆవిడ తోటివాళ్లు 5,900 మందికి పైగా మనుషులతో 13 ప్రయోగాలు చేసి చూశారు. ఊరికే "గుర్తొచ్చావు" అని పలకరిస్తే అవతలి మనిషికి ఎంత సంతోషం కలుగుతుందో పలకరించేవాళ్లు ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తున్నారని తేలింది. అనుకోకుండా వచ్చిన పలకరింపు అయితే ఆ సంతోషం ఇంకా ఎక్కువట. ఇది మామూలు పలకరింపు సంగతి. నీది పలకరింపు ఒక్కటే కాదు, క్షమాపణ కూడా ఉంది. కాబట్టి తను తప్పకుండా సంతోషిస్తుందని నేను మాట ఇవ్వలేను. నీ తలలో తిరుగుతున్న చెత్త ఊహల కంటే మాత్రం నిజం మెరుగ్గా ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది.

ఏం రాయాలి? నేనైతే ఇలా రాస్తాను, నీ మాటల్లోకి మార్చుకో:

"నేను, నీ బెంచీ ఫ్రెండ్‌ని. వచ్చే నెల నేనూ వస్తున్నాను. కలిసే ముందే నీకు ఒక మాట చెప్పాలి. టెన్త్‌లో నన్ను నమ్మి చెప్పిన విషయం నేను బయటికి అనేశాను. తప్పు నాదే. ఆ తర్వాత నీకు క్లాసులో ఎలా గడిచిందో అప్పుడు ఆలోచించలేదు, తర్వాత చాలాసార్లు ఆలోచించాను. సారీ. దీనికి జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. అక్కడ నాతో మాట్లాడాలని లేకపోతే నీ దగ్గరికి వచ్చి ఇబ్బంది పెట్టను."

అంతే. ఇంకేం కలపకు. "చిన్నపిల్లలం కదా" అని రాయాలనిపిస్తుంది, రాయకు. ఆ మాట అనాల్సింది తను, నువ్వు కాదు. "నీకు బాధ కలిగి ఉంటే" అనకు, బాధ కలిగిందని నీకు తెలుసు, తెలిసి కూడా "ఉంటే" అంటే క్షమాపణ మొత్తం నీరుగారిపోతుంది. "నన్ను క్షమిస్తావా" అని కూడా అడగకు. చాలామంది అదే ముఖ్యమనుకుంటారు. రాయ్ లెవికీ అనే ప్రొఫెసర్ బృందం 2016లో క్షమాపణలో ఉండే ఆరు అంశాలను విడివిడిగా పరీక్షించి చూస్తే, అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది "తప్పు నాదే" అని ఒప్పుకోవడం, అన్నిటికంటే తక్కువ పనిచేసింది క్షమించమని అడగడం. ఆలోచిస్తే నిజమే అనిపిస్తుంది. క్షమిస్తావా అని అడిగితే, ఇప్పుడు ఏదో ఒకటి తేల్చి చెప్పాల్సిన బరువు తన మీద పడుతుంది. ముప్పై ఏళ్ల క్రితం బరువు మోసింది తనే, మళ్లీ తన మీదే ఎందుకు పెట్టడం?

ఆ ఇంటి గొడవ ఏమిటన్నది మాత్రం మెసేజ్‌లో ఎక్కడా రాయకు. ఒక్క ముక్క కూడా. తన ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో నీకు తెలియదు, పిల్లలకి ఆ కథ తెలియకపోవచ్చు. "నన్ను నమ్మి చెప్పిన విషయం" అంటే తనకి అర్థమవుతుంది.

ఫోన్ చేయకు. మెసేజ్ అయితే తను నాలుగు రోజులు ఆగి, కావాలంటే ఏడ్చి, కోపం తీర్చుకుని, అప్పుడు జవాబు ఇవ్వచ్చు. ఫోన్ మోగితే ఆ క్షణమే ఏదో ఒకటి అనాలి. మధ్యలో ఎవరినీ పెట్టకు, గ్రూపులో ఎంత మంచివాళ్లున్నా సరే, "నువ్వు కాస్త తనతో మాట్లాడి చూడవే" అని ఎవరికీ చెప్పకు. నీ తప్పేమిటి? తన విషయం మూడో మనిషి చెవిన వేయడం. ఇప్పుడు క్షమాపణకి కూడా మూడో మనిషిని తెస్తే అదే తప్పు రెండోసారి చేసినట్టవుతుంది. అలాగే ఆ రోజు మైకులో, అందరి ముందు, "నేను ఒకరికి సారీ చెప్పాలి" అని మొదలుపెట్టకు. రీయూనియన్లలో ఆ ఊపులో మాట్లాడేవాళ్లుంటారు, వినేవాళ్లు చప్పట్లు కొడతారు, కానీ అక్కడ కూర్చున్న ఆ ఒక్క మనిషికి పాత గాయం మళ్లీ క్లాసు మధ్యలో పెట్టినట్టుంటుంది.

పంపాక ఏం జరగచ్చు? జవాబు రావచ్చు, "అవన్నీ ఎప్పుడో మర్చిపోయానే" అని. ఆ మాట వస్తే పూర్తిగా మర్చిపోయిందని అనుకోకు, వదిలేయడానికి సిద్ధంగా ఉందని అర్థం చేసుకో, థాంక్స్ చెప్పి వేరే మాటల్లోకి వెళ్లు. మళ్లీ మళ్లీ సారీ చెప్పి తనతో ఓదార్చించుకోకు. నీలం టిక్కులు పడి ఏమీ రాకపోవచ్చు. అప్పుడు రెండో మెసేజ్ పెట్టకు, మాట ఇచ్చావు కదా జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదని, ఆ మాట నిలబెట్టుకో. హాల్లో కనిపిస్తే దూరం నుంచి ఒక చిన్న నవ్వు, అంతే, దగ్గరికి రావాలో లేదో తను చూసుకుంటుంది. కోపంగా కూడా రాయచ్చు. "ఇన్నాళ్లకి గుర్తొచ్చానా" అని. వస్తే చదువుకో, "నిజమే, ఇంకా ముందే చెప్పాల్సింది" అని ఒక్క లైను రాసి ఆగు.

కోపంగా రాసినా నెమ్మదిగా చెప్పినా, తనకి గుర్తున్న కథ నీకు గుర్తున్న కథలా ఉండకపోవచ్చు. దీనికి సిద్ధంగా ఉండు. నువ్వు ఒక్క అమ్మాయికి చెప్పానంటున్నావు, తనకి ముగ్గురికి చెప్పినట్టు గుర్తుండచ్చు. ఆ రోజు క్లాసులో అందరూ గుసగుసలాడుతుంటే నువ్వు తల దించుకున్నానని నీకు గుర్తు, నువ్వూ నవ్వావని తనకి గుర్తుండచ్చు. నేనిలా ఎందుకంటున్నానంటే జ్ఞాపకం అనేది మన వైపే ఒరుగుతుంది. 1996లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. 99 మంది కాలేజీ విద్యార్థులను తమ హైస్కూల్ గ్రేడ్లు గుర్తుచేసుకుని చెప్పమన్నారు, ఆ తర్వాత స్కూలు రికార్డులు తెప్పించి పోల్చారు. అన్నిటికంటే పైదైన 'ఎ' గ్రేడ్ వచ్చిన చోట 89 శాతం సరిగ్గా చెప్పారు. బాగా తక్కువదైన 'డి' వచ్చిన చోట 29 శాతమే. తప్పు చెప్పినవాళ్లలో చాలామంది పెంచి చెప్పారు. కావాలని అబద్ధం ఆడలేదు, వాళ్లకి అలాగే గుర్తుంది, అదీ స్కూలు వదిలిన కొన్నేళ్లకే. మరి మనకి ముప్పై ఏళ్లు. కాబట్టి తను చెప్పేది నీకు గుర్తున్నదానితో కలవకపోతే "లేదు లేదు, అలా జరగలేదు" అని సరిదిద్దకు. "నాకు అలా గుర్తులేదు, కానీ నువ్వు చెప్తున్నావంటే అయ్యుంటుంది" అను. అక్కడ గెలిచి చేసేదేముంది?

సరే, ఇక ఉద్యోగం, విడాకుల సంగతి. దీని గురించి నువ్వు భయపడుతున్నంత జరగదు, ఎందుకో చెబుతాను.

మనల్ని అందరూ గమనిస్తున్నారని మనకి అనిపిస్తుంది. థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఒక్కో విద్యార్థికి వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులున్న గదిలోకి పంపారు. బయటికొచ్చాక, నీ చొక్కా మీద బొమ్మ ఎవరిదో ఎంతమంది చూసుంటారు అని అడిగితే దాదాపు సగం మంది అని చెప్పారు. నిజంగా చూసింది పావు వంతు. ఆ హాల్లోనూ అంతే. వాళ్లందరికీ నీ వయసే, 46, 47. ఒకరికి అమ్మ మంచం మీద ఉంటుంది, ఒకరికి అప్పు ఉంటుంది, ఒకరి కొడుకు వాళ్లతో మాట్లాడడం మానేసి ఉంటాడు, ఒకరు అద్దం ముందు నిలబడి జుట్టు సంగతి చూసుకుని "ఎలా వెళ్లాలి" అనుకుంటూ ఉంటారు. గ్రూపులో ఇవేవీ పెట్టరు కదా. అక్కడ నువ్వు చూసేది కొత్త ఇల్లు, పిల్లల సీట్లు, మంచు కొండల దగ్గర దిగిన ఫొటో. వాటిని చూసి నీ జీవితాన్ని పక్కన పెట్టి కొలుచుకుంటున్నావు.

ప్రశ్నలు మాత్రం వస్తాయి. "ఏం చేస్తున్నావ్ ఇప్పుడు" అని కనీసం పదిసార్లు అడుగుతారు, జవాబు ముందే తయారుగా ఉంచుకో, ఇంట్లో గొంతు పెట్టి నాలుగుసార్లు పైకి అనుకో. "ఇప్పుడు ఉద్యోగం లేదు, చూస్తున్నాను. తమ్ముడి దగ్గర ఉంటున్నాను. నువ్వు చెప్పు, ఎక్కడుంటున్నావ్?" అంతే. చివర్లో ఆ ప్రశ్న చాలా ముఖ్యం, అది ఉంటే మాట అటు వెళ్లిపోతుంది. "మీవారు రాలేదా" అంటే "విడిపోయాం, ఇప్పుడు బాగానే ఉన్నాను" అని ఆపేయి. కారణం చెప్పక్కర్లేదు. ఇంకా తవ్వేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, వాళ్లతో "దాని గురించి ఇవాళ వద్దులే" అని నవ్వుతూనే చెప్పచ్చు, అందులో తప్పేం లేదు. అబద్ధం మాత్రం ఆడకు. కన్సల్టెన్సీ చేస్తున్నానని ఒక మాట అనేశావనుకో, ఆ గ్రూపు ఉన్నన్నాళ్లూ ఆ కన్సల్టెన్సీ నడపాల్సి వస్తుంది. నిజం చెబితే ఇంకో మేలు కూడా ఉంది, ఎవరికైనా ఏదైనా ఖాళీ తెలిస్తే నీకు చెబుతారు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని, ఏళ్లుగా మాటల్లేని పాత పరిచయస్తుల్ని మళ్లీ పలకరించి ఒక సమస్యకి సలహా అడగమని చేసిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. ఆ సలహాలు బాగా ఉపయోగపడ్డాయట. పాత నమ్మకం అలాగే ఉంటుంది, ఈలోగా వాళ్లు చూసిన ప్రపంచం మనకి కొత్తది, అందుకే. అలాగని వెళ్లీ వెళ్లగానే ఉద్యోగం అడగమని కాదు. దాచడం వల్ల పోయేదేమిటో చెప్పాను.

యాభై మందిని తలుచుకుంటే గుండె దడ రావడం సహజం, కానీ నువ్వు యాభై మందితో ఎప్పుడూ మాట్లాడవు. మనుషులు తమంతట తాము నిలబడి మాట్లాడుకునే గుంపుల్ని రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త బృందం గమనించి 1995లోనే రాసింది, ఒక సంభాషణలో నలుగురు దాటడం అరుదు, ఐదో మనిషి రాగానే అది రెండుగా చీలిపోతుంది. కాబట్టి నువ్వు వెళ్లేది ముగ్గురు నలుగురున్న చిన్న చిన్న గుంపుల్లోకి. కాస్త ముందుగానే చేరుకో. అందరూ వచ్చేశాక ఆ గోలలోకి నడవడం కంటే, ఆరుగురు ఉన్నప్పుడు వెళ్లి, వచ్చేవాళ్లని ఒక్కొక్కరినే పలకరించడం తేలిక. తిరిగి రావడానికి నీ ఏర్పాటు నువ్వు చేసుకో, ఇంకొకరి బండి కోసం చూసుకుంటూ కూర్చోవాల్సిన పని ఉండకూడదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. మా క్లాసు వాళ్లం 33 ఏళ్ల తర్వాత కలిశాం. టెన్త్ గ్రూప్ ఫొటోని పెద్దది చేయించి గోడకి పెట్టారు. మధ్యాహ్నం మాలో ఒకాయన కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని ఆ ఫొటో ముందు నిలబడి, మొదటి వరుస నుంచి ఒక్కో తల మీద వేలు పెడుతున్నాడు, చుట్టూ చేరినవాళ్లం పేర్లు చెబుతున్నాం. ఒక్కో పేరు వస్తుంటే కేకలు, నవ్వులు. నాలుగో వరుసలో ఎడమ నుంచి మూడో అబ్బాయి దగ్గర వేలు ఆగింది. చొక్కాకి పై గుండీ దాకా పెట్టుకున్నాడు, అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆ అబ్బాయి పక్కకి చూస్తున్నాడు. ఎవరికీ పేరు రాలేదు. "మధ్యలో స్కూలు మారిపోయాడేమో" అన్నారెవరో. వెనక నుంచి మెల్లగా ఒక గొంతు, "మారలేదండీ, చివరిదాకా ఉన్నాను. అది నేనే."

తను రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడు. పొద్దుటి నుంచి గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఎవరితో వచ్చిన మనిషో అనుకున్నాం తప్ప ఎవరం వెళ్లి అడగలేదు. తర్వాత నేను వెళ్లి పక్కన కూర్చుంటే నేను ఏ బెంచీలో కూర్చునేదాన్నో, ఎడమ పక్కన ఎవరో, కుడి పక్కన ఎవరో చెప్పాడు. అటెండెన్స్ వరుస మొత్తం చెప్పాడు, ఒక్క పేరు తప్పు పోకుండా. మేమందరం ఆయనకి గుర్తున్నాం. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఇది నీకెందుకు చెప్పానంటే, మీ ఫ్రెండ్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టదంటే అది నీ మీద కోపమేనని నువ్వు తేల్చేసుకున్నావు. మా క్లాసులోని ఆ మనిషి కూడా గ్రూపులో ఎప్పుడూ ఏమీ రాయలేదు. రోజూ అన్నీ చదివేవాడట. మాట్లాడనివాళ్లు రారని, రానివాళ్లకి పట్టదని అనుకోవద్దు. నువ్వు మీ నిర్వాహకులకి ఒక మాట చెప్పు, మెడలో వేసుకునే పేరు కార్డులు చేయించమను, దూరం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాలతో, వీలైతే టెన్త్ నాటి ఫొటోతో. ఇది అవసరం, ఎందుకంటే పేర్లు అంత తేలిగ్గా నోటికి రావు. 1975లో దాదాపు 400 మంది మీద జరిగిన ఒక అధ్యయనంలో, స్కూలు వదిలి 35 ఏళ్లయిన వాళ్లు కూడా తోటి విద్యార్థుల పాత ఫొటోలను 90 శాతం వరకు గుర్తుపట్టారు, కానీ ఏ ఆధారం లేకుండా పేర్లు చెప్పమంటే చాలా వెనకబడ్డారు. పైగా ఆ ఫొటోలు అప్పటివి, ఇప్పుడు ఎదురుగా వచ్చేవి ఇప్పటి మొహాలు. అందుకే ఎవరు కనిపించినా ముందు నీ పేరు నువ్వే చెప్పు. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని మాత్రం ఎవరినీ నిలదీయకు, చెప్పలేకపోయిన మనిషి ఎంత నొచ్చుకుంటాడో, చెప్పించుకోలేకపోయిన మనిషి అంతకంటే ఎక్కువ నొచ్చుకుంటాడు.

పోయిన ఆ ఇద్దరి సంగతి ఎవరైనా పట్టించుకున్నారా? ఈ ఆటపాటల ప్లాన్లలో పడి చాలాసార్లు మర్చిపోతారు, లేదా హడావిడిగా తెర మీద ఫొటో వేసి తీసేస్తారు. నువ్వు ఆ పని తీసుకోగలవేమో చూడు. వాళ్ల ఇళ్లవాళ్లకి ముందుగా ఫోన్ చేసి, మేమిలా కలుస్తున్నాం, ఆ రోజు తనని తలుచుకుంటాం అని చెప్పాలి. రావాలనుకుంటే రమ్మనాలి. ఆ రోజు మొదట్లోనే ఇద్దరి పేర్లు చదివి, తెలిసినవాళ్లు ఒక్కొక్క సంగతి చెప్పాలి, స్కూల్లో ఏం చేసేవాళ్లు, ఎలా నవ్వేవాళ్లు, అలాంటివి. క్లాస్ ఫస్ట్ అమ్మాయిగా అక్కడ నీకు ఒక మాట చెల్లుతుంది, దాన్ని దీనికి వాడు.

చిన్న చిన్నవి కొన్ని. పాత ముద్దుపేర్లతో ఎవరినీ పిలవకు, పిలిపించుకున్నవాళ్లే గుర్తుచేస్తే తప్ప. రంగు మీద, లావు మీద పెట్టినవైతే అసలే వద్దు. ఎవరి ఫొటో అయినా ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు అడగాలి. ఒకప్పుడు ఇష్టపడినవాళ్లు కనబడతారేమో, బాగున్నావా అని అడిగి సంతోషపడు, అంతకుమించి దాన్ని సాగదీయకు. పాలసీలు, ప్లాట్లు అమ్మేవాళ్లకి "ఇవాళ వద్దు" చాలు.

అయిపోయాక ఏం చేయాలన్నది ఎవరూ ఆలోచించరు. పది రోజులు గ్రూపు ఫొటోలతో నిండిపోతుంది, ఆ తర్వాత గుడ్ మార్నింగ్‌లే మిగులుతాయి. కొత్తగా పరిచయమైన మనిషి దగ్గరి స్నేహితులు కావడానికి కలిసి గడిపే సమయం 200 గంటలు దాటాలని జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో లెక్కగట్టి చెప్పారు. ఒక బెంచీలో మీరిద్దరూ కూర్చున్నది లెక్కేసుకో, రోజుకి ఆరు గంటలు, ఏడాదికి రెండొందల రోజులు, ఐదేళ్లు. ఆరు వేల గంటలు. అంత గడిచాక మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు, కానీ ఆ గంటల మీదే ఎల్లకాలం నడవదు కూడా. ఆ రోజు ఇద్దరు ముగ్గురితో మనసు కలిస్తే ఆ వారంలోనే వాళ్లకి గ్రూపులో కాకుండా విడిగా రాయి, ఆ రోజు మాట్లాడుకున్న ఏదో ఒక సంగతి పట్టుకుని రాయి, "మీ అమ్మగారికి ఆపరేషన్ అన్నావు, ఎలా ఉన్నారు" లాంటిది. మీ ఫ్రెండ్ కూడా ఆ ఇద్దరు ముగ్గురిలో ఉండాలని నాకూ ఉంది.

నీ దగ్గర ఆ ఏడాది గ్రూప్ ఫొటో ఉందేమో వెతుకు. లేకపోతే గ్రూపులో అడిగి ప్రింట్ తీయించుకో. వెళ్లే ముందు రోజు రాత్రి దాని వెనక, వరుసల ప్రకారం, పెన్సిల్‌తో పేర్లు రాసుకో. గుర్తురానివాళ్ల దగ్గర ఖాళీ వదిలి, ఫొటో, పెన్సిలు రెండూ నీ బ్యాగులో పెట్టుకెళ్లు. ఆ ఖాళీలు వాళ్ల చేతే రాయించుకో.